అసలుతో సరిచూడబడిన ఈగ

గెజిటెడ్ హెడ్మాస్టరుకి ఒకప్పుడు ఈ దేశంలో విలువ ఉండేది. జూన్ నెల వచ్చిందంటే మా కొండగెడ్డ హైస్కూలు వరండాలో జనం బారులు తీరేవారు. మార్కుల జాబితా నకలు, రేషన్ కార్డు నకలు, కులం సర్టిఫికెట్టు నకలు. అసలు ఒక చేత్తో, నకలు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడేవారు. నేను అసలుకేసి ఒకసారి, నకలుకేసి ఒకసారి, మనిషి మొహంకేసి ఒకసారి చూసి, పచ్చ సిరాతో సంతకం గీకి, 'అసలుతో సరిచూడబడినది' అనే ముద్ర గుద్దేవాణ్ణి. తర్వాత ఎవరో మహానుభావుడు ఎవరి కాగితాల మీద వాళ్ళే సంతకం పెట్టుకోవచ్చని ఉత్తర్వు తెచ్చాడు. నా పచ్చ సిరా సీసాలో గడ్డకట్టింది. కూరల బండివాడు కూడా నమస్కారం మానేశాడు.

అలాంటి నా దగ్గరికి మళ్ళీ జనం రావడం మొదలుపెట్టారు. ఈసారి ఈగలు పట్టుకుని వచ్చారు.

మొదటినుంచి చెప్తాను. మధ్యలోంచి చెబితే నాకే నమ్మకం కలగదు.

రాజధానిలో ఉండే ఒక పెద్ద అధికారి శిక్షణ కోసం చలిదేశం వెళ్ళారు. ఆయన పేరు నేను చెప్పను, నాకింకా సర్వీసు మిగిలి ఉంది. అక్కడ తొడలోతు నీళ్ళలో నిలబడి, సన్నటి గేలం కర్రని గాలిలో ఆడిస్తూ చేపలు పడుతున్న పెద్దమనుషుల్ని ఆయన చూశారు. కొక్కేనికి ఎర లేదు. ఎర ఉండవలసిన చోట కోడి ఈకలతో, పట్టుదారంతో కట్టిన ఈగ బొమ్మ ఉంది. చేప దాన్ని నిజం ఈగ అనుకుని కరుచుకుంటుంది. పట్టిన పెద్దమనిషి దానితో ఫొటో తీయించుకుని తిరిగి నీళ్ళలో వదిలేస్తాడు. ఇంత శ్రమా పడి పులుసు పెట్టుకోకపోవడం మన అధికారికి చాలా నాగరికంగా కనిపించింది.

ఆయన తిరిగొచ్చీ రాగానే జలవిహార క్రీడల మండలి పుట్టింది. మండలి పుట్టాక దానికో రిజర్వాయరు కావాలి కదా. మ్యాపు మీద పెట్టిన వేలు మా కొండగెడ్డ మీద పడింది. వెనకాలే సర్క్యులరు వచ్చింది. ఇంగ్లీషులో ఎలా ఏడ్చిందో నేను చూడలేదు. తెలుగులో మాత్రం ఇలా ఉంది:

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, కొండగెడ్డ జలాశయమునందు ఇకమీదట కీటకముల నకళ్ళతో మాత్రమే చేపలు పట్టవలెను. వలలు, వానపాములు, పిండిముద్దలు నిషిద్ధము. పట్టిన చేపను పట్టిన చోటనే వదలవలెను."

ఈ కాగితం పట్టుకుని మొట్టమొదట నా దగ్గరికి వచ్చింది తవిటమ్మ.

తవిటమ్మది గెడ్డవలస. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది. డ్యాము కట్టినప్పుడు ఊరివాళ్ళని గట్టుమీది కాలనీకి తోలి, ఇవ్వడానికి భూములు లేవు గనక, ఈ నీళ్ళలో చేపలు పట్టుకునే హక్కు మీదేనన్నారు. నీళ్ళున్నంతకాలం మీదే అని సభ పెట్టి మైకులో చెప్పారట. ఆనాటి నుంచి ఆ హక్కు తాలూకు ఫైలు పరిశీలనలో ఉంది. పరిశీలన తేలేదాకా ఆకలి ఆగదు కనుక వాళ్ళు చేపలు పట్టుకుంటూనే ఉన్నారు. మొగుడు పోయాక తవిటమ్మ తనే తెప్ప మీద వెళ్ళి వల విసిరేది. కాలనీవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. పొద్దున్నే మా గుమ్మంలో బుట్ట దించి, నేనడిగిన చేప కాకుండా తనకు తోచిన చేప ఇచ్చి వెళ్ళేది. బేరమాడితే, పిల్లలకి పాఠాలు కూడా ఇలగే గీసి గీసి సెప్తారేటి మేస్టారూ అనేది.

"మేస్టారూ, ఈ నకలంటే ఏటండి?" అని అడిగింది.

"అసలు కానిది."

"మా వల అసలుదే కదండీ."

"అందుకే వద్దంటున్నారు."

"మరి సేప? అది అసలుదా, నకలుదా?"

"చేప అసలుదే. ప్రస్తుతానికి."

"పట్టిన సేపని ఒగ్గీమంతన్నారు. ఒగ్గీస్తే మాం ఏటి తినాలండి?"

సర్క్యులరులో ఆ సంగతి లేదని చెప్పాను. మర్నాడే సిబ్బంది వచ్చి కాలనీలో ఉన్న వలలన్నీ మూటలు కట్టి, తనిఖీ బంగళా గదిలో పడేసి సీలు వేశారు. తవిటమ్మ వల అన్నిటికంటే అడుగున పడింది.

మండలి తరఫున ప్రత్యేకాధికారిగా గుణాకరరావు గారు దిగారు. ఆయన మంచివారు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ముందుముందు చెప్పే సందర్భం రాదు. సర్వీసంతా రిజిస్ట్రేషన్ల శాఖలో గడిపారు. ఎవరో ఒకరిని డిప్యుటేషన్ మీద పంపమంటే ఆ శాఖ ఆయన్ని వదిలించుకుంది. ఈ ఈగల చేపలవేట ఏమిటో ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు, అడిగితే తెలియదని తెలిసిపోతుంది. సర్క్యులరుని మాత్రం దస్తావేజు చదివినట్టు అక్షరం అక్షరం చదివారు. అందులో ఆయనకి బాగా తెలిసిన మాట ఒక్కటే కనబడింది. నకలు.

రిజిస్ట్రారాఫీసులో నకలుకి ఒకటే అర్థం.

మొదటి క్రీడాకారుడు విశాఖపట్నం నుంచి కారులో వచ్చాడు. సుహాస్ అని, కంప్యూటరు ఉద్యోగం. నడుందాకా రబ్బరు ప్యాంటు, నెత్తిన ఈకలు గుచ్చిన టోపీ. ఒక డబ్బా తెరిచి గుణాకరరావు గారికి చూపించాడు. డబ్బా నిండా రంగురంగుల బొమ్మ ఈగలు, తూనీగలు, పురుగులు.

"ఇవి నకళ్ళేనా?" అన్నారు గుణాకరరావు గారు కళ్ళజోడు సవరించుకుని.

"అవును సార్. అన్నీ చేత్తో కట్టినవే."

"ధ్రువీకరణ?"

"అంటే?"

"ధ్రువీకరించబడని నకలు తెల్లకాగితంతో సమానం. గెజిటెడ్ అధికారి అసలుతో సరిచూచి, సంతకం చేసి, ముద్ర వేయవలెను."

"ఇప్పుడు మనమే సంతకం పెట్టుకోవచ్చు కదా సార్?"

గుణాకరరావు గారు జాలిగా నవ్వారు. "స్వీయ ధ్రువీకరణ అనగా ఎవరి నకలుకు వారు. ఇది తమరి నకలు కాదు, ఈగ నకలు. సంతకం చేయవలసినది ఈగ. అది చేయగలదా?"

చుట్టుపక్కల గెజిటెడ్ అధికారిని నేనొక్కణ్ణే. కుర్రాణ్ణి నా దగ్గరికి పంపారు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. సిరా సీసాని వేడినీళ్ళలో పెట్టి గడ్డ కరిగించాను. ముద్ర బూజు దులిపాను. కుర్చీలో వెనక్కి వాలి, "అసలు ఏదీ?" అన్నాను.

"సార్, ఇది బొమ్మ..."

"నకలు ఉందంటే అసలు ఉండి తీరాలి. ఎదురుగా సూరపునాయుడి మిఠాయి కొట్టుంది. వెళ్ళి పట్టుకురా."

సూరపునాయుడు ముందు కంగారుపడ్డాడు, ఆరోగ్యశాఖ వాళ్ళనుకుని. విషయం తెలిశాక ఉదారంగా, "అదిగో బావూ, జిలేబీ పళ్ళెం మీద ఉన్నాయి, కావలసినన్ని తీసుకోండి" అన్నాడు. కుర్రాడు ఆ రబ్బరు ప్యాంటుతోనే చాలాసేపు గెంతి, అగ్గిపెట్టెలో ఒక ఈగని పెట్టి తెచ్చాడు. నేను సరిచూశాను. కాళ్ళు సరిపోయాయి. రెక్కలు కొంచెం అటూ ఇటూగా సరిపోయాయి.

"అసలులో కొక్కెం లేదు. నకలులో ఉంది" అన్నాను.

"అది లేకపోతే చేప పడదు సార్."

"అంటే అసలులో లేనిదాన్ని మోసపు ఉద్దేశంతో నకలులో చేర్చారన్నమాట."

చివరికి మనసు ఒప్పీ ఒప్పక, 'కొక్కెం మినహా అసలుతో సరిచూడబడినది' అని ఒక చీటీ రాసి పచ్చ సంతకం పెట్టి బొమ్మ ఈగ మెడకి దారంతో కట్టాను. ముద్ర గుద్దబోయేసరికి అగ్గిపెట్టెలోంచి బయటికి వచ్చిన అసలు కాస్తా ముద్ర కింద పడి నలిగిపోయింది. నేను నొచ్చుకున్నాను గానీ, గుణాకరరావు గారు విని చాలా మెచ్చుకున్నారు.

"భేషైన పని చేశారు హెడ్మాస్టరు గారూ! అసలు బయట తిరుగుతుంటే దాని మీద ఇంకొకడు ఇంకో నకలు తీయడా? ఇకమీదట ధ్రువీకరణ కాగానే అసలును తొలగించి, 'అసలు లభ్యము కాదు' అని తమరు రాయండి."

ఆ విధంగా అదొక పద్ధతి అయిపోయింది. శని, ఆదివారాల్లో స్కూలు వరండాలో కార్లవాళ్ళు అగ్గిపెట్టెలతో బారులు తీరారు. సూరపునాయుడు జిలేబీ మానేసి ఈగల వ్యాపారం పెట్టాడు. కూరల బండివాడి నమస్కారం తిరిగొచ్చింది.

ఒక్క చేప పడలేదు. నా చీటీ తడిసి ఈగని అడుక్కి లాగేసేది. చీటీ విప్పితే నకలు చెల్లదు. గుణాకరరావు గారు సమీక్షా సమావేశం పెట్టారు. మా చెరువు చేపలకి నీళ్ళ మీద ఈగల్ని గెంతి పట్టుకునే అలవాటు తక్కువ సార్, అని మత్స్యశాఖ కుర్రాడు నసిగాడు.

"వాటికి తెలియజేశారా?"

"ఏమిటి సార్?"

"ఇకమీదట నకళ్ళనే తినవలెనని సంబంధితులకు తెలియజేయకుండా పాటించలేదంటే ఎలా? ముందు నోటీసు ఇవ్వండి."

పడవలో మైకు కట్టి సర్క్యులరుని రిజర్వాయరు నాలుగు మూలలా చదివారు. నోటీసు అందుకోవడానికి చేపలు ముందుకు రానందున, చట్టప్రకారం దాన్ని డ్యాము తలుపుకి అంటించి, సాక్షులుగా నా చేత, సూరపునాయుడి చేత సంతకాలు తీసుకున్నారు.

అయినా చేపలు లొంగలేదు. గుణాకరరావు గారు గట్టుమీద నిలబడి చాలాసేపు పరిశీలించి అసలు కారణం కనిపెట్టారు. నీళ్ళ మీద ఎటు చూసినా తూనీగలు, దోమలు, ఈసుళ్ళు. ధ్రువీకరణ లేకుండా, చీటీలు లేకుండా, ఇష్టారాజ్యంగా తిరుగుతున్నాయి. అసలు ఉచితంగా దొరుకుతుంటే నకలు ఎవడు తింటాడు? మండలికి రాశారు: "జలాశయ పరిధిలో అనధికార కీటకముల సంచారము అధికముగా నున్నది." మండలి మందు యంత్రాలు పంపింది. పొద్దునా సాయంత్రం గట్టు పొడుగునా పొగ కొట్టారు. కొన్నాళ్ళకి దోమ లేదు, తూనీగ లేదు. కప్పల బెకబెకలు ఆగిపోయాయి. నీళ్ళ మీద వాలే పిట్టలు ఇంకో చెరువు చూసుకున్నాయి. సరిచూడడానికి ఈగ దొరక్క సూరపునాయుడు మళ్ళీ జిలేబీలోకి దిగాడు.

ఇన్నాళ్ళూ తవిటమ్మ ఏం చేస్తోందంటే, తెల్లారి బస్సులో సముద్రం వైపు వెళ్ళి, ఐసు పెట్టెలో చచ్చి వారమైన చేపలు తెచ్చి అమ్ముతోంది. మా ఇంటి ముందు బుట్ట దించడం మానేసింది. ఒకరోజు నేనే పిలిచి ఎందుకని అడిగాను.

"మీకు అయి పెట్టలేనండి. మొకం సెల్లదు" అంది.

కాలనీలో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. మగవాళ్ళు చెన్నపట్నం మేడల పనికి వెళ్ళిపోయారు. తవిటమ్మ వెళ్ళలేదు. అడిగితే, ఊరు కిందుండగా పైన ఒక మనిషైనా ఉండాలి కదండీ అంది. కార్లవాళ్ళ ఈగలకి పచ్చ సంతకాలు పెడుతూ మురిసిపోయిన నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ఆవిడతో కలిసి బంగళాకి వెళ్ళాను. గుణాకరరావు గారు ఓపిగ్గా విన్నారు. కుర్చీ కూడా వేయించారు.

"ఈమె విన్నపము సహేతుకమే. అయితే ఈమె వేయునది అసలు వల. పట్టునది అసలు వేట. సర్క్యులరు నకళ్ళను మాత్రమే అనుమతించుచున్నది. నా చేతుల్లో ఏమున్నది?"

"మా హక్కు బావూ?" అంది తవిటమ్మ.

"అది పరిశీలనలో ఉన్నది."

"మా ఆయన బతికున్నప్పుడూ పరిశీలనలోనే ఉన్నాది బావూ."

"చూశారా, ఎంత క్షుణ్ణంగా పరిశీలిస్తున్నారో!" అన్నారాయన, నిజంగానే గౌరవంతో.

ఈలోగా కార్లు రావడం తగ్గింది. చేపా లేదు, పిట్టా లేదు, చూడ్డానికేముంది అని వచ్చినవాళ్ళు ఫిర్యాదు పుస్తకంలో రాసిపోతున్నారు. మండలి దీన్ని తీవ్రంగా తీసుకుని కొత్త ఉత్తర్వు వేసింది: "సందర్శకుల వినోదార్థము సంప్రదాయ జాలరుల నకళ్ళను జలాశయమున ప్రదర్శించవలెను. అసలు జాలరులు అనర్హులు. అసలు జాలరి వల విసిరినచో చేప పడు ప్రమాదము కలదు."

విజయనగరం నుంచి ఒక నాటకాలాయన్ని తెచ్చారు. మీసాలు అంటించి, తలపాగా చుట్టి, తెప్ప మీద నిలబెట్టి చేతికి వల ఇచ్చారు. ఆయన "ఓహో" అని రాగం ఎత్తి వల విసిరాడు. వలతో పాటు తనూ వెళ్ళాడు. ఒడ్డున ఉన్న తవిటమ్మ చీర దోపుకుని దూకింది. మొదట జుట్టు పట్టుకుంటే అది ఊడి చేతికొచ్చింది. రెండోసారి మెడ పట్టుకుని ఈడ్చి, తెప్పని కాలితో తోసుకుంటూ, వలని భుజాన వేసుకుంటూ ఒడ్డుకి తెచ్చింది. కార్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"చాలా సహజముగా చేసినది. ఈమె నకలైతే ఎంత బాగుండును!" అన్నారు గుణాకరరావు గారు నాతో. ఆ మాట ఆవిడ చెవిన పడింది.

మర్నాడు స్కూలు గంట కొట్టకముందే వరండాలో ఉంది. "మేస్టారూ, నన్ను నకలు సేసీయండి."

"ఏమిటే తల్లీ?"

"ఈగలకి సేసినారు కదండీ. నానేటి, ఈగ కన్నా తీసిపోయానేటి?"

"అసలుతో సరిచూడాలి కదా. నువ్వే అసలు. నిన్ను దేంతో సరిచూడను?"

తవిటమ్మ నా బల్లకి ఎడమవైపు నిలబడింది. "ఇకడ నిలబడితే అసలు." కుడివైపుకి జరిగింది. "ఇటొస్తే నకలు. సూసుకోండి, ఏటైనా తేడా ఉన్నాదేమో."

నేను చూశాను. తేడా లేదు. చీర కొంగు తడి దగ్గర్నుంచి సరిపోయింది.

"చూడు తవిటమ్మా. నకలు చేస్తే, అసలు లభ్యం కాదని కూడా రాయాలి. అది పద్ధతి. రాస్తే కాగితం మీద నువ్వు లేనట్టే."

"కాయితం మీద ఎప్పుడున్నాను మేస్టారూ? నీల్ల మీదుంటే సాలు. రాసీయండి."

రాశాను. 'తవిటమ్మ, గెడ్డవలస, అసలుతో సరిచూడబడినది. అసలు లభ్యము కాదు.' చీటీ ఎక్కడ కట్టాలో తెలియక తటపటాయిస్తుంటే తనే చెయ్యి చాపింది. మణికట్టుకి దారంతో కట్టాను. గుణాకరరావు గారు ఆ చీటీ చదివి, ఒకసారి ఆవిడకేసి చూసి, సంతృప్తిగా తలాడించారు. ప్రదర్శన సామగ్రి కింద బంగళా గది సీలు తీయించి ఆవిడ వల ఆవిడకిప్పించారు. రాజధాని అధికారి స్వయంగా వచ్చే రోజున ప్రదర్శన పెట్టారు.

ఆ రోజు గట్టు మీద షామియానా, బిస్కెట్లు, కొబ్బరిబొండాలు. అధికారిగారికి రబ్బరు ప్యాంటు తొడిగి, నా పచ్చ సంతకం ఉన్న తూనీగ నకలుని గేలానికి కట్టి, నీళ్ళలో నిలబెట్టారు. ఆయన కర్ర ఆడించారు. కొంతసేపయ్యాక తూనీగ వెళ్ళి గుణాకరరావు గారి కోటుకి పట్టుకుంది. సరే, ఈలోపు జాలరి నకలుని చూపించండి అన్నారు.

తవిటమ్మ తెప్ప మీద లోపలికి వెళ్ళింది. నెలల తరబడి ఆ నీళ్ళకి వల తగల్లేదు. ఆవిడ మామూలుగా, ఏ రాగమూ తీయకుండా వల విసిరింది. గుండ్రంగా పడింది. లాగబోతే తెప్ప ఒరిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు బిగించి లాగి, తెప్పనిండా బొచ్చెలూ జెల్లలూ కుమ్మరించి ఒడ్డుకి తెచ్చింది. చేపలు షామియానా కింద టపటపా కొట్టుకున్నాయి. అధికారిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇవేమిటి?"

గుణాకరరావు గారి మొహంలో నెత్తురు లేదు. పాపం, ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. ఇవి నిజం చేపలంటే, పట్టింది నిజం జాలరి. పట్టింది నిజం జాలరి అయితే ధ్రువీకరణ తప్పు. ధ్రువీకరణే తప్పయితే ఇక లోకంలో నిలబడేదేముంది?

"నకళ్ళు సార్" అన్నారు. "చేపల నకళ్ళు."

అధికారిగారు వంగి ఒక బొచ్చెని వేలితో పొడిచారు. అది తోకతో ఆయన చేతిమీద కొట్టింది. "అద్భుతం! ఎంత సహజంగా చేశారయ్యా! మన వాళ్ళేనా చేసింది?"

"స్థానికంగానే సార్."

పట్టిన చేపని వదలాలన్న నిబంధన చేపలకే గాని నకళ్ళకి వర్తించదు. ఆ సంగతి నేనే గుర్తుచేశాను. తవిటమ్మ బుట్ట నింపుకుని రోడ్డెక్కింది. సాయంత్రం మా ఇంట్లో ఎన్నో నెలల తర్వాత బొచ్చె పులుసు కాగింది. నకలు చేప అని మా ఆవిడకి ఎంత చెప్పినా ముళ్ళు చూసుకుని తినమంది.

సంగతి చెన్నపట్నం దాకా పాకింది. తాళాలు తీసుకుని కాలనీవాళ్ళు ఒక్కొక్కళ్ళే దిగారు. స్కూలు వరండాలో మళ్ళీ బారులు. ఎడమవైపు నిలబడతారు, కుడివైపు జరుగుతారు, చెయ్యి చాపుతారు. గెడ్డవలసవాళ్ళందరినీ ముసలీ ముతకాతో సహా నకళ్ళు చేశాను. వాళ్ళ వలలూ ప్రదర్శన సామగ్రి కిందే బయటికొచ్చాయి. సిరా ఇంకో సీసా కొన్నాను. మండలిని బోల్తా కొట్టించామని మురిసిపోతూ క్లాసులో పిల్లలకి తెలివితేటల మీద వ్యాసం కూడా రాయించాను. గుణాకరరావు గారు ప్రతి చీటీనీ చూసి, ముద్ర సరిగా పడిందో లేదో వెలుతురుకి ఎత్తి మరీ చూసి, నకలు తీసి దాచుకునేవారు.

కొన్నాళ్ళకి ఆయన చేతిసంచీ పట్టుకుని మా ఇంటికే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"హెడ్మాస్టరు గారూ, తమరి సహకారం మరువలేనిది. ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్న ఫైలు ఒకటి తేలిపోయింది. గెడ్డవలస వారి హక్కు ఫైలు!"

"ఇచ్చేశారా?"

"వినండి." కాగితం విప్పి, గొంతు సవరించుకుని చదివారు. "పై విషయమై విచారణ జరుపగా, జలాశయ పరిధిలో గెడ్డవలస వాస్తవ్యుల నకళ్ళు మాత్రమే కలవు. ప్రతి ఒక్కరి విషయములోను గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ జతపరచడమైనది. అసలు ఎవరూ లేరు. హక్కు కోరువారు లేనందున ఫైలు మూసివేయడమైనది. జలాశయమును మండలికి శాశ్వతముగా దఖలు పరచడమైనది."

"గుణాకరరావు గారూ, అసలు ఎవరూ లేకపోవడమేమిటండీ! మొన్న మీరు కొన్న చేప ఎవరి దగ్గర కొన్నారు?"

"నకలు దగ్గర" అన్నారాయన ఏ కల్మషమూ లేకుండా. "మండలి దయ ఉన్నంతకాలం నకళ్ళు ప్రదర్శన చేసుకోవచ్చు. దయ లేకపోతే అది వేరే విషయం. ఏదీ, కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తేకుండా వెనక గుమ్మంలోంచి బయటపడ్డాను. కోపమో, భయమో తెలియదు. తవిటమ్మ రోడ్డు పక్క కత్తిపీట ముందు కూర్చుని బొచ్చెకి పొలుసు తీస్తోంది. మణికట్టుకి నా చీటీ అలాగే ఉంది, తడికి పచ్చ సిరా చేతంతా పాకింది. ఉన్నదంతా చెప్పాను. కోర్టుకి వెళ్దాం, పేపర్లో వేయిద్దాం, నేనే తప్పు సంతకం పెట్టానని రాసిస్తాను, ఉద్యోగం పోతే పోయింది అన్నాను. ఆవిడ పొలుసు తీయడం ఆపలేదు.

"కాయితంలో ఏటని రాసినారన్నారు?"

"గెడ్డవలసవాళ్ళు అసలు ఎవరూ లేరని."

"డ్యాముకి నీల్లొగ్గిన్నాడూ ఇదే రాసినారు మేస్టారూ" అంది తవిటమ్మ. "ఊరు కాళీ అయిపోనాది, లోపల ఎవులూ నేరు అనీసి రాసీసి, సంతకాలెట్టీసుకుని, అప్పుడొగ్గినారు. నీల్లు గుమ్మం ఎక్కినప్పుటికి మాం ఇంట్లోనే ఉన్నామండి. పొయ్యి మీద గంజి ఉడుకుతన్నాది."